కళ్లు తిరిగితే వయసును తప్పుపట్టకండి

అంతరిక్షం ఏమీ చేయలేదు, బాత్‌రూమ్ పడగొట్టింది

1962 ఫిబ్రవరిలో భూమిని మూడు చుట్లు చుట్టి వచ్చి జాన్ గ్లెన్ అమెరికా అంతటికీ వీరుడైపోయాడు. సరిగ్గా రెండేళ్లకు, సెనేట్ ఎన్నికల్లో పోటీకి దిగిన రోజుల్లో, బాత్‌రూమ్‌లో కాలు జారి పడ్డాడు. తల స్నానాల తొట్టికి కొట్టుకుంది. లోపలి చెవి దెబ్బతిని, తల తిప్పితే చాలు కళ్లు తిరిగేవి. నెల గడిచినా తగ్గకపోవడంతో పోటీ నుంచే తప్పుకున్నాడు. అప్పటికి ఆయన వయసు 42. క్రమంగా కోలుకున్నాడు. పదేళ్ల తరవాత సెనేటర్‌గా గెలిచాడు. 1998లో, 77వ ఏట, డిస్కవరీ నౌకలో మళ్లీ అంతరిక్షానికి వెళ్లాడు. బరువు తెలియని చోట శరీరంలో వచ్చే మార్పులకీ ముసలితనంలో వచ్చే మార్పులకీ పోలికలున్నాయని, ఆ యాత్రలో శాస్త్రవేత్తలు ఆయన నిద్రనీ కండరాలనీ నిలకడనీ పరీక్షించారు.

నలభై రెండేళ్లకు నిలబడలేకపోయిన మనిషి డెబ్బై ఏడేళ్లకు నింగికెగిరాడు. మన ఇళ్లలో మాత్రం అమ్మమ్మ “కళ్లు తిరుగుతున్నాయే” అంటే “ఈ వయసులో మామూలేలే” అనేస్తాం. ఆవిడ కూడా సరేననుకుంటుంది, ఇంకెవరికీ చెప్పదు. వెతికితే చాలాసార్లు కారణం దొరుకుతుంది. కొన్నిసార్లు రెండు మూడు కారణాలు కలిసి ఉంటాయి. వాటిలో కొన్నిటికి కొత్త మందు అక్కర్లేదు, ఉన్న మందు తగ్గిస్తే సరిపోతుంది. ఈ విశేషాలన్నీ అందుకే ఏరి పెట్టాను.

యాపిల్ పళ్లూ, పైత్యమూ

గలివర్ కథ రాసిన జొనాథన్ స్విఫ్ట్‌కి యవ్వనం నుంచే తల తిరిగే జబ్బు ఉండేది. దానికి తోడు చెవుల్లో హోరు, చెవుడు. ఆ వయసులో ఒకసారి అతిగా యాపిల్ పళ్లు తినడం వల్లే అది పట్టుకుందని ఆయన నమ్మకం. 1745లో, 77 ఏళ్లకు పోయేదాకా ఆ బాధ వదల్లేదు.

ఆయన పోయిన నూటపదహారేళ్లకు, 1861లో, పారిస్‌లో మూగ, చెవిటి పిల్లల సంస్థకు వైద్యుడిగా ఉన్న ప్రాస్పర్ మెనియర్ ఒక కొత్త మాట చెప్పాడు. తల గిర్రున తిరగడానికి మూలం లోపలి చెవిలో ఉండవచ్చన్నాడు. అప్పటిదాకా వైద్యులు దాన్ని మెదడుకు రక్తం పోటెత్తడం అనుకుని ఒంట్లోంచి రక్తం తీసేవారు. మెనియర్ మరుసటి ఏడాదే కన్నుమూశాడు. ఆయన మాట నిలబడింది. స్విఫ్ట్‌ని పట్టి పీడించిందీ మెనియర్ జబ్బేనని తరవాతి వైద్యులు చెప్పారు.

మనకీ మన యాపిల్ పళ్లున్నాయి. పైత్యం చేసిందంటాం, గ్యాస్ పైకి తన్నిందంటాం, మెడ ఎముకలు అరిగాయంటాం. పైత్యం సంగతే చూడండి. కళ్లు తిరిగినప్పుడు వికారం, వాంతి వస్తాయి కాబట్టి కడుపులోనే ఏదో చెడిందనిపిస్తుంది. వరస దీనికి తిరగబడి ఉంటుంది. నిలకడ చూసే చెవి నుంచి మెదడుకు తప్పుడు కబురు వెళితే, వాంతి పుట్టించే కేంద్రం దాని వెంటే కదులుతుంది. ముందు చెవి, తరవాత కడుపు. అల్లం రసం వికారాన్ని కాస్త తగ్గించవచ్చు, చెవిని బాగుచేయదు. ఇక మెడ అరుగుదల అంటారా, యాభై దాటిన చాలామందికి ఎక్స్‌రే తీస్తే అది కనిపిస్తూనే ఉంటుంది, కళ్లు తిరిగే వాళ్లకీ తిరగని వాళ్లకీ కూడా. ఆ ఒక్క ఫిల్మ్ చూసి మెడపట్టీ కట్టుకుని ఏళ్లు గడిపేవాళ్లు మన మధ్య ఎందరో ఉన్నారు.

చంద్రుడి మీద నడిచిన మెనియర్ రోగి

1961లో అంతరిక్షంలోకి వెళ్లిన తొలి అమెరికన్ ఆలన్ షెపర్డ్‌కి ఆ తరవాత కొన్నేళ్లలోపే మెనియర్ జబ్బు వచ్చింది. యాత్రల నుంచి పక్కన పెట్టేశారు. 1968లో లాస్ ఏంజెలెస్‌లో విలియం హౌస్ అనే చెవి వైద్యుడు సన్నని గొట్టం అమర్చి లోపలి చెవిలో పేరుకున్న ద్రవానికి దారి చేశాడు. ఆస్పత్రిలో షెపర్డ్ మారుపేరుతో చేరాడు. 1971 ఫిబ్రవరిలో అపొలో-14తో వెళ్లి చంద్రుడి మీద నడిచాడు.

పక్క మీద దొర్లితే గది తిరుగుతోందా?

తెల్లవారుజామున కుడిపక్కకు దొర్లుతారు, పైకప్పు ఫ్యాన్‌తో సహా గిర్రున తిరుగుతుంది. గట్టిగా మంచం పట్టుకుంటారు. అర నిమిషంలో, మహా అయితే నిమిషంలో తగ్గుతుంది. మళ్లీ అటే తిరిగితే మళ్లీ వస్తుంది. అటక మీద డబ్బా కోసం తలెత్తినా, దండెం మీద బట్టలు ఆరేసినా, పూజలో సాష్టాంగపడి లేచినా ఇదే వరస. పెద్దవయసులో నిజంగా గిర్రున తిరగడానికి అన్నిటికన్నా ఎక్కువగా కారణమయ్యేది ఇదే. వైద్యులు బీపీపీవీ అంటారు. బీపీకీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

లోపల జరిగేది ఇది. తల ఎటు వంగిందో మెదడుకు చెప్పడానికి లోపలి చెవిలో మేస్త్రీ రసమట్టం లాంటి ఏర్పాటు ఒకటుంది. దాని మీద కంటికి ఆనని స్ఫటికాలు అంటుకుని ఉంటాయి. సున్నపురాయిలో ఉండే కాల్షియం కార్బొనేటే వాటి పదార్థం. వయసుతోనో, తలకు దెబ్బ తగిలో కొన్ని ఊడి, పక్కనే ఉన్న అర్ధవృత్తాకార గొట్టాల్లోకి జారతాయి. తల కదిపినప్పుడల్లా అవి గొట్టంలోని ద్రవాన్ని కదిలిస్తాయి. మనిషి కదలడం ఆపినా చెవి మాత్రం ఇంకా తిరుగుతున్నాననే చెబుతుంది.

ఈ జబ్బును 1921లో వర్ణించిన రాబర్ట్ బారానీ కథ వేరే చెప్పుకోవాలి. వియన్నాలో చెవులు కడిగేటప్పుడు రోగులకు తల తిరగడం ఆయన గమనించాడు. నీళ్లు మరీ చల్లగా ఉన్నాయని ఒక రోగి అన్నాడు. తరవాతి సారి మరీ వేడిగా ఉన్నాయన్నాడు. రెండుసార్లూ కళ్లు ఊగాయి, కాకపోతే ఎదురెదురు దిక్కులకు. ఆ ఆధారంతో చెవి నిలకడను కొలిచే పరీక్ష పుట్టింది, నేటికీ చేస్తున్నారు. 1914 నోబెల్ బహుమతి ఆయనకు ప్రకటించేనాటికి ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యన్లకు చిక్కిన ఖైదీ. స్వీడన్ రాకుమారుడు రెడ్‌క్రాస్ తరఫున కలగజేసుకున్నాక 1916లో విడుదలయ్యాడు.

తరవాత 1952లో లండన్‌లో మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ దీన్ని పట్టుకునే పద్ధతి రాశారు. రోగిని మంచం మీద కూర్చోబెట్టి, తల ఒక పక్కకు తిప్పి, గబుక్కున వెల్లకిలా పడుకోబెట్టి కళ్లు గమనించడమే పరీక్ష. స్కాన్ అక్కర్లేదు, రక్తపరీక్ష అక్కర్లేదు, పట్టేది రెండు నిమిషాలు.

చికిత్స అంతకన్నా తేలిక. అమెరికాలో పోర్ట్‌లాండ్ వైద్యుడు జాన్ ఎప్లీ 1980లలో ఒక ఉపాయం చెప్పాడు. స్ఫటికాలు జారినదారినే వెనక్కి జారేలా తలను వరసగా కొన్ని భంగిమల్లో తిప్పితే చాలన్నాడు. మందూ లేదు, కోతా లేదు. తల తిప్పి తల తిరగడం తగ్గిస్తాడా అని తోటివైద్యులు నమ్మలేదు. ఏళ్ల తరబడి తిరస్కారాలు భరించాక 1992లో ఆయన వ్యాసం అచ్చయింది. ఇవాళ ప్రపంచమంతటా మొదటి చికిత్స అదే. చాలామందికి ఒకటి రెండు సార్లు చేస్తే తగ్గుతుంది. మన జిల్లా కేంద్రాల్లోని ఈఎన్‌టీ వైద్యులు చేసి పంపేస్తారు. ఏ చెవిలో, ఏ గొట్టంలో అన్నది ముందు తేలాలి కాబట్టి మొదటిసారి ఫోన్‌లో వీడియో చూసి సొంతంగా చేయకండి. మెడనొప్పి, ఎముకల గుల్లతనం ఉన్నవాళ్లు ముందే వైద్యుడికి చెప్పాలి.

మళ్లీ రావచ్చు, అదొక్కటే ఇబ్బంది. 2020లో దక్షిణ కొరియాలో వెయ్యిమందికి పైగా రోగుల మీద చేసిన అధ్యయనంలో, విటమిన్ డి తక్కువగా ఉన్నవాళ్లకు విటమిన్ డి, కాల్షియం ఇస్తే తిరగబెట్టడం తగ్గింది. అందుకని ఎండపొడ తగలని ఫ్లాటుల్లో ఉండే పెద్దవాళ్లు విటమిన్ డి ఒకసారి చూపించుకోవడం మంచిది.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టిన సంగతి మరొకటి. 2000లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, వేరే బాధలతో వచ్చిన వందమంది వృద్ధులను ఈ పడక పరీక్షతో చూశారు. తొమ్మిదిమందికి ఈ జబ్బు ఉంది, ఎవరూ గుర్తించలేదు. ఆ తొమ్మిదిమందిలో ఇటీవల పడిపోయినవాళ్లు, దిగులుగా ఉన్నవాళ్లు, రోజువారీ పనులు తగ్గించుకున్నవాళ్లు మిగతావాళ్లకన్నా ఎక్కువ. రెండు నిమిషాల్లో బయటపడే జబ్బు పేరు తెలియక మనిషి ఇంట్లో ఒక మూలకు చేరిపోవడం ఎంత అన్యాయం!

లేచిన మొదటి మూడు నిమిషాలు

పడుకున్న మనిషి లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకీ పొట్టలోకీ దిగిపోతుంది. మెడలోని రక్తనాళాల దగ్గరుండే గ్రాహకాలు అది కనిపెట్టి, గుండె వేగం పెంచి, నాళాలను బిగించి, తలకు రక్తం తగ్గకుండా చూస్తాయి. కుర్రవాళ్లలో ఇది క్షణాల్లో అయిపోతుంది. వయసు మీద పడ్డాక, అందులోనూ షుగర్ ముదిరినవాళ్లలో, పార్కిన్‌సన్స్ ఉన్నవాళ్లలో, బీపీ మాత్రలు నాలుగైదు వేసుకునేవాళ్లలో ఆలస్యమవుతుంది. ఇక్కడ గది తిరగదు. కళ్లకు చీకట్లు కమ్ముతాయి, ఒళ్లు తేలిపోతుంది, కాళ్లలో బలం పోతుంది.

దీన్ని ఇంట్లోనే కనిపెట్టవచ్చు. అయిదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ అంతకన్నా ఎక్కువగా గానీ పడిపోతే, దొంగ దొరికినట్టే. చూస్తున్నంతసేపూ పక్కన ఒకరు పట్టుకునే దూరంలో ఉండాలి. క్లినిక్కులో కుర్చీలో కూర్చోబెట్టి చూసిన బీపీలో ఇది ఎప్పటికీ కనిపించదు. కూర్చుంటే 150 ఉందని మాత్ర పెంచుతారు, నిలబడితే 110కి పడిపోతోందని ఎవరికీ తెలియదు. నిలబడి బీపీ చూడమని అడిగి చూపించుకోండి, మొహమాటపడవద్దు.

తెలుగువాళ్లం జాగ్రత్తపడాల్సింది భోజనం తరవాత కూడా. పెద్దవాళ్లకు తిన్న రెండు గంటల్లోపు బీపీ పడిపోవచ్చని బోస్టన్ వైద్యులు 1983లోనే చూపించారు. అరుగుదల కోసం రక్తం పేగులకు మళ్లుతుంది, దాన్ని సర్దుకునే శక్తి వయసుతో తగ్గుతుంది. పిండిపదార్థం ఎంత ఎక్కువైతే, తిండి ఎంత పెద్దదైతే, ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువగా పడుతుంది. పండగపూట పులిహోర, బూరెలు, పప్పన్నం, పెరుగన్నం వరసగా తిని, వెంటనే లేచి చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లే తాతయ్యను తలుచుకోండి. కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినడం, భోజనానికి ముందు ఒక గ్లాసు నీళ్లు తాగడం, భుక్తాయాసం తీరేదాకా కాసేపు నడుం వాల్చడం మేలు చేస్తాయి. మధ్యాహ్నం కునుకును బద్ధకమని ఎవరూ అనకండి.

రాత్రి రెండింటికి మూత్రానికి లేచే మగవాళ్ల సంగతి ఇంకొంచెం కష్టం. వెచ్చటి పక్క మీదినుంచి గబుక్కున లేస్తారు. ప్రోస్టేట్ కోసం వేసుకునే టామ్సులోసిన్ లాంటి మాత్రలు బీపీని ఇంకాస్త దించుతాయి. నిలబడి మూత్రం పోస్తుండగా ముక్కడం, మూత్రసంచి ఖాళీ అవడం కలిసి కొందరికి అక్కడే శోష తెప్పిస్తాయి. కూర్చుని పోయడం చాలా ప్రాణాలు కాపాడే అలవాటు. నేలమీద గొంతుకూర్చునే మరుగుదొడ్డి నుంచి లేవడం మరో గండం. గోడకు పట్టుకునే కడ్డీ ఒకటి వేయించండి.

లేవబోయే ముందు మంచం మీదే పాదాలు పది పదిహేనుసార్లు పైకీ కిందికీ ఆడించి, కాసేపు అంచున కూర్చుని, అప్పుడు లేవాలి. నిలబడ్డాక తేలిపోతున్నట్టుంటే కాళ్లు ఒకదానిమీద ఒకటి వేసి తొడలు బిగించినా, పిడికిళ్లు బిగించినా బీపీ కాస్త పైకొస్తుంది. అర లీటరు నీళ్లు ఒక్కసారిగా తాగితే నరాల లోపం వల్ల బీపీ పడిపోయేవాళ్లకు కొద్ది నిమిషాల్లో పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. గుండె వైఫల్యం, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం వైద్యుణ్ని అడగకుండా నీళ్లు పెంచకూడదు.

సోడియం తగ్గింది, సార్

మన ఆస్పత్రుల్లో ముసలివాళ్ల పక్కన నిలబడితే వారానికోసారైనా వినిపించే మాట ఇది. బీపీ కోసం ఉప్పు పూర్తిగా మానేస్తారు, దానిమీద మూత్రం ఎక్కువగా పోయించే నీళ్ల మాత్ర వేసుకుంటారు, వేసవిలో చెమట కారుస్తారు. దాహం వయసుతో మందగిస్తుంది. రాత్రి లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచి నీళ్లు మానేసేవాళ్లూ ఉన్నారు. రెంటచింతల, రామగుండం ఎండల్లో ఇవన్నీ కలిస్తే సోడియం పడిపోయి నడక తడబడుతుంది, మాట తికమకపడుతుంది, తూలిపడతారు. ఎండలు ముదిరేముందు నీళ్ల మాత్ర మోతాదు గురించి వైద్యుడితో మాట్లాడాలి. ఉప్పు తగ్గించమంటే మానేయమని కాదు.

తల తిరిగే మాత్రే తూలిస్తే

1952లో ఒక అమెరికన్ వైద్యుడు తన పేరు పొడి అక్షరాలతోనే వేసుకుని తన అనుభవం రాశాడు. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు ఆయన రెండు చెవుల నిలకడనూ చంపేశాయి. మంచం మీద చదువుకోవాలంటే తలను మంచం కడ్డీల మధ్య ఇరికించి పెట్టాల్సి వచ్చేదట. లేకపోతే నాడి కొట్టుకున్నప్పుడల్లా పుస్తకంలో అక్షరాలు ఎగిరిపడేవి. తల ఎంత కొద్దిగా కదిలినా కళ్లను నిలకడగా ఉంచేది చెవేనని అప్పుడు ఆయనకు తెలిసివచ్చింది. టీబీకి మన దేశంలోనూ ఈ ఇంజెక్షన్లు దశాబ్దాలపాటు వాడారు. జెంటామైసిన్‌దీ ఇదే గుణం. చీకట్లో తూలే పెద్దవాళ్లను వెనకెప్పుడైనా ఆ ఇంజెక్షన్లు పడ్డాయా అని అడగడం వృథా కాదు.

ఈ రోజుల్లో ఎక్కువ నష్టం చేస్తున్నది మాత్రం మాత్రలు. కళ్లు తిరుగుతున్నాయని మందుల షాపులో అడిగితే చేతిలో పెట్టేవి సినరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్, బీటాహిస్టిన్. గిర్రున తిరిగి వాంతులయ్యే మొదటి రెండు మూడు రోజులు వీటిలో కొన్ని ఉపయోగపడతాయి. అయిదారు రోజులకు రాసిన చీటీ అయిదారేళ్లు నడవడం దగ్గరే ప్రమాదం. సినరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ ఏళ్లతరబడి వాడిన పెద్దవాళ్లలో చేతులు వణకడం, ముఖంలో కళ తగ్గడం, నడక చిన్న చిన్న అడుగులైపోవడం జరుగుతుంది. పార్కిన్‌సన్స్ అనుకుని దానికి మరో మాత్ర మొదలుపెడతారు. లేచి నిలబడినప్పుడు ఆ మాత్ర బీపీని దించుతుంది. మళ్లీ కళ్లు తిరుగుతాయి! మొదటి మాత్ర మానేస్తే చాలామంది కొన్ని నెలల్లో తేరుకుంటారు.

వృద్ధులకు కీడుచేసే మందుల జాబితాను మార్క్ బీర్స్ అనే అమెరికన్ వైద్యుడు 1991లో తయారుచేశాడు. ఇప్పటికీ దాన్ని సవరిస్తూ వస్తున్నారు. నిద్రకోసం వేసుకునే ఆల్‌ప్రాజోలం తరహా మాత్రలు, జలుబుకు మగత తెచ్చే పాత మాత్రలు అందులో ఉన్నాయి. గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగర్ మాత్ర కూడా ఉంది. ఏకాదశి ఉపవాసం ఉంటూ ఆ మాత్ర వేసుకుంటే షుగర్ పడిపోయి చెమటలు పట్టి తూలతారు. ఏదీ సొంతంగా ఒక్కసారి ఆపకండి. నిద్రమాత్రలు అలా ఆపితే మరో ఇబ్బంది.

ముఖం కడుక్కునేటప్పుడు

కళ్లు మూసుకుని సబ్బు నురగ కడుక్కుంటుంటే ఒళ్లు ముందుకు ఊగుతోందా? పంతొమ్మిదో శతాబ్దంలో బెర్లిన్ వైద్యుడు మోరిట్జ్ రోంబర్గ్ తన రోగుల్లో గమనించింది ఇదే. మనిషి నిలకడకు ఆధారాలు మూడు: కళ్లు, చెవులు, పాదాల స్పర్శ. ఒకటి తగ్గినా మిగతా రెండూ నెట్టుకొస్తాయి. పాదాల స్పర్శ పోయినవాళ్లు కళ్లు మూసుకోగానే, లేదా కరెంటు పోగానే, తూలతారు. మనదగ్గర దానికి పెద్ద కారణం షుగర్, మరో కారణం విటమిన్ బి12 లోపం. శాకాహారులకూ, మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవాళ్లకూ బి12 తగ్గే అవకాశం ఎక్కువ. చవకైన రక్తపరీక్షతో తెలుస్తుంది, ఇంజెక్షన్లతోనో మాత్రలతోనో సరిదిద్దవచ్చు. ఆలస్యమైతే నరాల నష్టం పూర్తిగా తిరిగిరాదు. పెద్దవాళ్లు స్నానం కుర్చీమీద కూర్చుని చేయడం ఎందుకు మంచిదో దీన్నిబట్టి తెలుస్తుంది.

కళ్లజోడు సంగతి ఒక్కమాట. దగ్గరికీ దూరానికీ కలిపి వేసుకునే అద్దాల్లో కింది భాగం చదవడానికి. మెట్లు దిగుతూ కిందికి చూస్తే మెట్టు అంచు మసకగా కనిపిస్తుంది. బయట తిరగడానికి దూరపుచూపు అద్దాలు వేరే పెట్టుకుంటే పడిపోవడం తగ్గుతుంది.

ఆగకుండా 108

ఇంతవరకూ చెప్పినవి తాపీగా చూపించుకోదగ్గవి. కొన్నిటికి తాపీ పనికిరాదు. హఠాత్తుగా కళ్లు తిరగడంతోపాటు మాట ముద్దయినా, మూతి వంకరపోయినా, ఒక చెయ్యో కాలో పడిపోయినా, ఒకటి రెండుగా కనిపించినా, పట్టుకున్నా నిలబడలేకపోయినా అది మెదడుకు వచ్చిన పోటు (స్ట్రోక్) కావచ్చు. మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు లక్షణాలు మొదలైనప్పటినుంచి నాలుగున్నర గంటలు. స్కాన్ అయ్యాకే అది ఇస్తారు కాబట్టి ఇంట్లో చేసే ప్రతి ఆలస్యం ఆ గడువులోంచే పోతుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 ఉన్నది ఇలాంటి వేళలకే.

కూర్చునో పడుకునో ఉండగా స్పృహ తప్పడం, గుండె దడదడలాడి కళ్లు చీకట్లు కమ్మడం, ఛాతీనొప్పి, నల్లటి విరేచనం కూడా వెంటనే చూపించాల్సినవే. రక్తం పలచబరిచే మందు వాడే పెద్దాయన పడి తలకు దెబ్బ తగిలితే, పైకి బొప్పి కూడా లేకపోయినా స్కాన్ అవసరం. మెదడు చుట్టూ రక్తం నెమ్మదిగా చేరి వారాల తరవాత మగతగా బయటపడే సందర్భాలున్నాయి.

శోష వచ్చినవాళ్లను మనవాళ్లు పట్టుకుని కుర్చీలో కూర్చోబెడతారు, నోట్లో నీళ్లు పోస్తారు. రెండూ తప్పే. నేలమీద పడుకోబెట్టి కాళ్లు పైకెత్తి పట్టుకోవాలి. తల కిందికి వస్తేనే మెదడుకు రక్తం అందుతుంది. నీళ్లూ పంచదారా పూర్తిగా స్పృహ వచ్చి, మింగగలిగినప్పుడే.

పడుకుంటే తగ్గదు

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తలకు గాయాలై తూలుతున్న సైనికుల కోసం ఇంగ్లండ్‌లో కాథోర్న్, కుక్సీ అనే ఇద్దరు వైద్యులు కొన్ని కసరత్తులు అల్లారు. కళ్లు అటూ ఇటూ తిప్పడం, తల పైకీ కిందికీ ఆడించడం, కూర్చుని లేవడం, బంతిని ఒక చేతినుంచి మరో చేతికి వేసుకోవడం, చివరికి కళ్లు మూసుకుని నడవడం వరకూ. కళ్లు తిరిగించే కదలికలనే కావాలని చేయించారు. చెవిలో పోయినదాన్ని మెదడు వేరేవిధంగా పూడ్చుకుంటుంది, అయితే కదిలితేనే. ఈ రోజు ఫిజియోథెరపిస్టులు పెద్దవాళ్లకు నేర్పే నిలకడ వ్యాయామాలకు మూలం అవే. మగత మాత్రలు ఈ నేర్చుకోవడాన్ని ఆలస్యం చేస్తాయి.

లోపలి చెవి పోయినా మనిషి ఎంత నిబ్బరంగా ఉండగలడో చూడాలంటే గాలాడెట్ కాలేజీ బధిరుల సంగతి తెలుసుకోవాలి. 1950ల చివర్లో అమెరికన్ నౌకాదళం ఆ కాలేజీ నుంచి పదకొండుమంది చెవిటివాళ్లను తీసుకుని అంతరిక్ష యాత్రల కోసం పరీక్షలు చేసింది. చిన్నప్పటి మెదడు పొరల వాపుతో (మెనింజైటిస్) వాళ్లలో చాలామందికి లోపలి చెవి పూర్తిగా దెబ్బతింది. తుపాను సముద్రంలో పడవ ఎగిరిపడుతుంటే వాళ్లు తాపీగా పేకాడుకున్నారు. పరీక్షించడానికి వచ్చిన శాస్త్రవేత్తలు వాంతులతో పడిపోయారు.

ఒక్కసారి పడ్డ పెద్దావిడ మళ్లీ పడతానన్న భయంతో గుడికి వెళ్లడం మానేస్తుంది, తరవాత వీధరుగు మీదికి రావడం మానేస్తుంది. కాళ్ల కండ తగ్గి, నిజంగానే పడిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కప్రకారం పడిపోవడం వల్ల ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు. అందులో అరవై దాటినవాళ్ల వాటా అన్నిటికన్నా పెద్దది. “కూర్చో, లేవకు” అని ప్రేమతో కట్టడి చేయడంకన్నా చెయ్యి పట్టుకుని పది అడుగులు నడిపించడం మేలు.

డాలస్‌లో కూతురు, గుంటూరులో అమ్మ

ఒంటరిగా ఉండే తల్లిదండ్రులను వీడియోకాల్‌లో పలకరించే పిల్లలు ఈ తరంలో ఇంటికొకరున్నారు. “ఎలా ఉన్నావమ్మా” అంటే “బాగానే ఉన్నా” అనే జవాబు వస్తుంది. వేరేగా అడగండి. ఎప్పుడు తిరిగింది, ఎంతసేపు ఉంది, ఏం చేస్తుండగా వచ్చింది, గది తిరిగిందా కళ్లు చీకట్లు కమ్మాయా, ఆరోజు కొత్త మాత్ర ఏదైనా వేసుకున్నావా? ఈ అయిదు జవాబులు కాగితం మీద రాసి తీసుకెళితే వైద్యుడికి సగం పని తేలికవుతుంది. బాత్‌రూమ్‌కు లోపలి గడియ తీసేయించండి, లేదా బయటినుంచి తెరుచుకునేది పెట్టించండి. గడప దగ్గర, మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రి వెలిగే చిన్న దీపాలు పెట్టించండి. నున్నటి టైల్స్ మీద నీళ్లు నిలవకుండా చూడండి. హైదరాబాద్‌లో మొదలై దేశమంతా విస్తరించిన వృద్ధుల సహాయ నంబరు 14567 అమ్మ ఫోన్‌లో ఉండేలా చూడండి.

ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్ల మాత్రలన్నీ, నిద్రవీ నొప్పులవీ ఆయుర్వేదంవీ షాపువాడు ఇచ్చినవీ సహా, ఒక సంచిలో వేయండి. దాన్ని వైద్యుడి బల్ల మీద కుమ్మరించి, వీటిలో ఏవి మానేయవచ్చో చెప్పమని అడగండి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడమని అడగండి.